మాసిక కుట్టు, మూతి కుట్టు

మూడు దేశాల పోలీసులు కలిసి నా సలహా కోసం భద్రాచలం వచ్చారని నేను చాలామందికి చెప్పాను. పెళ్లి పందిళ్లలో చెప్పాను. దవాఖానా వరండాలో చీటీ పట్టుకుని కూర్చున్నప్పుడు చెప్పాను. ఖమ్మం బస్సులో పక్క సీటు మనిషి దిగిపోయే దాకా చెప్పాను. రాయడానికి కూర్చుంటే మాత్రం చెయ్యి అంత తేలిగ్గా ముందుకు పోవడం లేదు. మూడు దేశాలు కావు. మనది కాక ఒక్కటే. ఆ ఒక్క దేశం నుంచీ ఎవరూ రాలేదు, ఖమ్మంలో ఒక గదిలో టీవీ మీద కనిపించారు. సలహా కోసమా అంటే అదీ కాదు. నా కొట్టు గుర్తు ఉన్న సంచిలో గంజాయి దొరికింది. అందుకని.

నాది పాత గోనె సంచుల వ్యాపారం. బస్టాండు వెనక, రోడ్డు మీద నుంచి నాలుగు మెట్లు ఎక్కితే నా కొట్టు. గోదావరి పొంగిన ఏడు ఆ నాలుగు మెట్లే నన్ను కాపాడేవి. రెండుసార్లు అవీ కాపాడలేదు. రైసు మిల్లుల నుంచి, కిరాణా కొట్ల నుంచి, పశువుల దాణా అమ్మేవాళ్ల నుంచి చినిగిన సంచులు కొని, దులిపి, మాసికలు వేయించి, మిర్చి రైతులకు అమ్మేవాణ్ణి. పైన చర్ల, వెంకటాపురం దాకా, కింద దమ్మపేట, పెనుబల్లి దాకా నా సంచులు పోయేవి. దేశమంతా పోయేవని చెప్పుకునేవాణ్ణి. తర్వాత చూస్తే దేశం దాటి పోయాయి. నా గొప్పల్లో నిజమైంది అదొక్కటే, అదీ ఇట్లా.

మిర్చి నింపడం ఇంకే సరుకూ నింపినట్టు ఉండదు. కల్లంలో ఎండిన కాయ మీద రవ్వంత నీళ్లు చిలకరిస్తారు, లేకపోతే కాయ పగిలి గింజ రాలిపోతుంది. మెత్తబడ్డ కాయను సంచిలో పోసి, ఒక మనిషి అందులోకి దిగి కాళ్లతో తొక్కుతాడు. ఆ తొక్కుడుకు చిరుగున్న సంచి నిలబడదు. అందుకే మాసిక వేసే చెయ్యి మంచిదై ఉండాలి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గోనె సంచికి రెండు కుట్లు ఉంటాయి. చిరుగు మీద ముక్క వేసి కుట్టేది మాసిక కుట్టు. అది నా కొట్టు పని. సరుకు నింపాక నోరు మూసేది మూతి కుట్టు. అది నింపిన చోట, నింపినవాళ్లు వేసేది. మాసిక కుట్టు ఆ సంచి బతికినన్నాళ్లూ దానితో ఊళ్లు తిరుగుతుంది. మూతి కుట్టు ఒక్క ప్రయాణానికే, చేరిన చోట కోసి పారేస్తారు. ఈ తేడా మా కొట్టులో ఎలుకలు పట్టే పిల్లికి కూడా తెలుసు. నాకు తెలియదని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

అమ్మే ప్రతి సంచి మీదా నీలిరంగుతో చేప ముద్ర వేసేవాళ్లం. మా నాన్న గోదావరి ఒడ్డున కూర్చుని, చేప ఎగరడం చూసి, ఆ అచ్చు తానే చెక్కాడని చెప్తుంటాను. ఆయన చెక్కలేదు. పాత సామాన్ల సంతలో కొన్నాడు. అక్కడ ఏనుగు అచ్చు కూడా ఉందట, దానికి పిడి విరిగిందట.

మాసికలు వేసేవాళ్లు ఆరుగురు ఆడవాళ్లు ఉండేవారు. ఐదుగురు కొట్టులోనే కూర్చుని కుట్టేవారు. ఆరో ఆమె కోయ మనిషి. చర్ల రోడ్డు మీద దిగి, అడవిలోకి గంట నడిస్తే వాళ్ల గూడెం. ఆమె వచ్చి, చినిగిన సంచులు కట్టగా కట్టించుకుని, జీపు మీద వేసుకుపోయి, వారం పది రోజులకు కుట్టి తెచ్చేది. ఎడమచేతి వాటం. మిగతావాళ్ల కుట్టు కుడివైపు వాలితే ఆమెది ఎడమవైపు వాలేది. ఆమె వేసిన మాసిక దగ్గర సంచి చినగడం నేను చూడలేదు. సంచి మొత్తం చివికిపోయినా ఆ ముక్క మిగిలేది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, మిర్చి సీజను మధ్యలో, ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు మెట్లెక్కి వచ్చారు. ఒకాయన మా వైపు సర్కిల్ ఇన్‌స్పెక్టరు, మామూలు చొక్కాలో ఉన్నాడు. రెండో ఆయన ఢిల్లీ నుంచి వచ్చిన ఆఫీసరు, మత్తుమందుల దొంగరవాణా చూసే శాఖ. ఆయన హిందీలో మాట్లాడాడు, నేను ఉర్దూలో జవాబిచ్చాను, ఇద్దరికీ ఇబ్బంది లేకపోయింది. ఇన్‌స్పెక్టరుకే మధ్యలో కొంత జారిపోయేది.

ఆఫీసరు బల్ల మీద ఫోటోలు పరిచాడు. సముద్రం అవతల ఒక రేవులో మిర్చి కంటెయినరు విప్పారట. వాసన పట్టే కుక్కను దింపితే అది తుమ్మీ తుమ్మీ పక్కకు పోయిందట. దానికే అక్కడివాళ్లకు అనుమానం పెరిగి ఒక్కో సంచీ కోశారట. రెండు సంచుల్లో, కాయల మధ్య, ఇటుకల్లా నొక్కి టేపు చుట్టిన గంజాయి ఉంది. ఒక సంచి మీద నీలి చేప. వాళ్లు ఆ ఫోటోలు ఢిల్లీకి పంపారు. ఈ సంచి ఎక్కడిది, ఎవరు నింపారు, కనుక్కుని చెప్పండి, ఇక్కడి కొసను మేం పట్టుకున్నాం, అక్కడి కొసను మీరు పట్టుకోండి అని కాగితం రాశారు. అట్లా దేశాలు ఒకదానికొకటి రాసుకునే ఏర్పాటు ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆ చేపను మిర్చి మార్కెట్లో చూపిస్తే ఎవరో నా కొట్టు పేరు చెప్పారు.

గంజాయి కేసంటే బెయిలు రాదు. మా వైపు ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. అడవి అవతలి కొండల నుంచి సరుకు మోసుకొస్తూ దొరికినవాళ్లు జైల్లో ఏళ్లకేళ్లు ఉండిపోవడం చూశాం. మోయించినవాడు ఎవడో ఎవరికీ తెలిసేది కాదు. ఫోటోలో నా చేపను చూస్తూ నేను చేసిన పని ఏమిటంటే, మాట్లాడటం మొదలుపెట్టాను.

సంచి నాదేనన్నాను. కానీ నా దగ్గర నుంచి వేల సంచులు పోతాయన్నాను. అయినా ఆఫీసరుగారు సరైన మనిషి దగ్గరికే వచ్చారన్నాను. ఏ సంచి ఏ చేతి మీదుగా పోయిందో కుట్టు చూసి చెప్పగల మనిషి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అన్నాను.

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "చాచా, గంతనా? అయితే జెర చూపియ్."

ఆఫీసరు లేచి కుప్పల్లోంచి మూడు సంచులు లాగాడు. నేను కళ్లు చికిలించి, వేళ్లతో తడిమి, మూడూ ఎవరెవరు కుట్టారో చెప్పాను. లోపల కుడుతున్న ఆడవాళ్లను అడిగితే మూడూ నిజమే. ఆఫీసరు ముఖం మారింది. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి చెప్తున్నాను: ఎవరు కుట్టినవి వాళ్ల కుప్పగా వేయించడం మా కొట్టు పద్ధతి. ఆయన ఏ కుప్పలోంచి లాగాడో చూశాను, అంతే.

అప్పుడు ఆయన ఫోటో ముందుకు జరిపాడు. సంచి కింది మూలన ఒక మాసిక, దాని మీద ఎడమవైపు వాలిన కుట్టు. దీనికి మాత్రం కుప్పలు చూడక్కర్లేకపోయింది.

ఇది ఫలానా ఆమె చెయ్యి అన్నాను. అడవి లోపలి గూడెం అన్నాను. సంచులు ఇంటికి తీసుకుపోయి కుట్టి తెస్తుందన్నాను.

అయితే దీన్ని నింపింది ఆమేనా అని ఆఫీసరు అడిగాడు.

అవునని నేను అనలేదు. చాలా ఏళ్లు ఈ ఒక్క మాట పట్టుకుని నన్ను నేను వెనకేసుకొచ్చాను. నేనన్నది ఇది: "ఆమె చెయ్యి పడకుండా ఈ సంచి కదల్లేదు సాబ్." ఉర్దూలో ఇంకా బాగుంటుంది ఆ మాట. ఆఫీసరు దాన్ని అట్లాగే రాసుకున్నాడు. నాతో సంతకం పెట్టించాడు. చాయ్ తాగి, ఇద్దరూ నాకు చెయ్యి కలిపి వెళ్లిపోయారు.

రెండు రోజులకు ఆమెను గూడెం నుంచి తీసుకుపోయారని తెలిసింది. విచారణ అయ్యేదాకా ఖమ్మంలో సర్కారువారి ఆడవాళ్ల వసతి గృహంలో ఉంచారట. ఇంకా కేసు కట్టలేదట. అవతలి దేశం వాళ్లు నా వాంగ్మూలం వినాలనుకుంటున్నారు, అది విన్నాక కడతారట. ఇన్‌స్పెక్టరు ఫోన్ చేసి చెప్పాడు: "చాచా, తయారుగుండు. ఫారిన్ మేడం నీతోటి టీవీల మాట్లాడతదంట. ఇగ నీ నసీబే నసీబు."

మర్నాడు ఆమె భర్త వచ్చాడు. మెట్ల మీద, పై నుంచి రెండో దాని మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. చాయ్ తెప్పిస్తే గ్లాసు పక్కన పెట్టాడు. కొనడానికి వచ్చినవాళ్లు అతని పక్క నుంచి ఎక్కి, అతని పక్క నుంచి దిగి పోతున్నారు. మధ్యాహ్నం దాటాక లేచి నిలబడి ఒక్కటే అడిగాడు.

"సాబ్, నువ్వేం చెప్పినవ్?"

వాళ్లు అడిగిన దానికి జవాబు చెప్పానన్నాను. సంచి నాది కాబట్టి చెప్పక తప్పలేదన్నాను. పెద్ద ఆఫీసర్లు కదా అన్నాను. అతను అన్నీ విని, మళ్లీ అదే అడిగాడు. "అవ్ సాబ్. ఏం చెప్పినవ్?"

నేను సంచులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అతను చర్ల బస్సుకు వెళ్లిపోయాడు.

మా ఇంటావిడ ఈ కొట్టులో కుట్టు నేర్చుకున్నదే. పెళ్లయిన కొత్తలో మా అమ్మ నేర్పింది. అన్నం పెడుతూ అడిగింది, మాసిక చూసి నింపినవాళ్లను ఎట్లా చెప్పగలిగావు అని. ఉర్దూలో అడిగింది. తెలుగులో రాస్తే కొంచెం మర్యాదగా వస్తుంది. నేను అంత తిన్నగా చెప్పలేదని, వాళ్లే అట్లా అర్థం చేసుకున్నారని అన్నాను. ఆమె పప్పు గిన్నె నా ముందు పెట్టి, నువ్వు ఇంత పెద్ద మాటకారివి కదా, వాళ్లకు తప్పుగా అర్థమైతే సరిచేయడానికి మాట దొరకలేదా అంది. అన్నం పెట్టే మనిషితో వాదించకూడదని నాకు ఒక నియమం ఉంది. ఆ రోజు ఆ నియమం బాగా పనికొచ్చింది.

ఖమ్మం ప్రయాణానికి షేర్వాణీ తీశాను. అది నా పెళ్లిదని చెప్తాను కానీ మా అన్నది. బస్సులో నాలుగు గంటలు. దారంతా మనసులో రెండు ఉపన్యాసాలు తయారుచేసుకున్నాను. ఒకటి, నేను ముందు చెప్పిందే ఇంకా గొప్పగా. రెండోది, నిజం. కొత్తగూడెం దాకా మొదటిదే బాగుందనిపించింది.

కలెక్టర్లు హైదరాబాదుతో మాట్లాడే గది అది. ఆ గదికి పోయే వరండాలో బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది, పక్కన ఒక లేడీ కానిస్టేబులు. ఆ రోజు ఆమె సంతకం కావాల్సి ఉంటుందేమోనని తెచ్చారట. నన్ను చూసి తిట్టలేదు, ఏడవలేదు. ఎడమ చెయ్యి మాత్రం కొంగు కింద పెట్టుకుని ఉంది. కానిస్టేబులు నీళ్ల గ్లాసిస్తే కుడిచేత్తో అందుకుంది, అలవాటు లేని చెయ్యి కదా, నీళ్లు చీర మీద ఒలికాయి. వచ్చినప్పటి నుంచి ఇంతే, ఆ చెయ్యి ఎవరికీ కనపడనివ్వడం లేదని కానిస్టేబులు చెప్పింది. అందరూ దాన్నే చూపించమని అడుగుతున్నారట.

నేను రెండు ఉపన్యాసాలూ మరిచిపోయి లోపలికి వెళ్లాను.

టీవీలో ఒక నడివయసు ఆడమనిషి కనిపించింది. కళ్లద్దాలు దారంతో మెడలో వేలాడుతున్నాయి. వాళ్ల రేవు పోలీసుల్లో పెద్ద ఆఫీసరట. ఆమె పెదాలు ముందు కదిలి, మాట తర్వాత వచ్చేది. నేను సలాం చేశాను, జవాబు రాలేదు. వినపడలేదనుకుని మళ్లీ చేశాను. అప్పుడు మొదటి సలాముకు జవాబొచ్చింది. మూడోసారి చేయబోతే ఇన్‌స్పెక్టరు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఢిల్లీ ఆఫీసరు నా పక్కన కూర్చుని ఆమె ఇంగ్లీషును నాకు, నా ఉర్దూను ఆమెకు చెప్తున్నాడు.

నా అనుభవం గురించి అడుగుతుందని ఎదురుచూశాను. మొదటి ప్రశ్నే ఇట్లా వచ్చింది: ఆ సంచిని ఆమె నింపిందని మీకెలా తెలుసు?

"తెలియదు," అన్నాను.

ఆ ఒక్క మాట సముద్రం దాటడానికి కొంత సమయం పట్టింది. ఢిల్లీ ఆఫీసరు నా వైపు తిరిగాడు, చెప్పాలా వద్దా అన్నట్టు. తర్వాత చెప్పాడు. ఇక నేను ఆగలేదు. మాసిక కుట్టు గురించి, మూతి కుట్టు గురించి చెప్పాను. ఆమె వేసింది మాసిక, అది ఎప్పుడు వేసిందో నాకే గుర్తులేదు, ఆ సంచి ఆ తర్వాత ఎన్ని చేతులు మారిందో ఎవరికీ తెలియదన్నాను. నింపినవాళ్లు కావాలంటే మూతి కుట్టు చూపించండి అన్నాను. అది కోసి పారేసి ఉంటారు, మేమైతే పారేస్తాం అని కూడా నేనే అన్నాను.

ఆమె లేచి టీవీలోంచి బయటికి వెళ్లిపోయింది. మేం ముగ్గురం చాలాసేపు ఒక ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చున్నాం. కోపం వచ్చి పోయిందేమోనని ఇన్‌స్పెక్టరు గుసగుసలాడాడు. ఆమె తిరిగొచ్చింది, చేతిలో ప్లాస్టిక్ కవరు, దాని మీద చీటీ, లోపల దారం.

"దారం గూడ దాస్తరానే వీళ్లు," అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా.

దాన్ని కెమెరాకు దగ్గరగా పెట్టమన్నాను. పసుపుపచ్చటి ప్లాస్టిక్ దారం. గొలుసులాగా ఒకదాంట్లో ఒకటి ముడిపడిన కుట్టు. మా అడవి పక్క కల్లాల్లో మూతి కుట్టేది పురికొసతో, దబ్బణంతో, చేత్తో. ఇది చేతిలో పట్టుకుని కుట్టే కరెంటు మిషను పని. అట్లాంటివి ఎగుమతి గోదాముల్లో ఉంటాయి. ఆమె గూడెంలో కరెంటు స్తంభం కూడా లేదు. ఇక్కడి నుంచి పోయిన సంచిని ఎక్కడో మళ్లీ విప్పారు, మళ్లీ మూశారు. ఇదే చెప్పాను. ఈసారి ఏమీ కలపలేదు. కలపడానికి ఏమీ తోచలేదు కూడా.

టీవీలో మేడం అంతా రాసుకుని, మరి మొదటిసారి అట్లా ఎందుకు చెప్పారని అడిగించింది.

"గొప్పకు," అన్నాను.

ఆ మాటకు ఢిల్లీ ఆఫీసరుకు ఇంగ్లీషు వెంటనే దొరకలేదు. రెండు మూడు రకాలుగా చెప్పి చూశాడు. ఆమె తల ఊపి, కళ్లద్దాలు తీసి, నన్ను కాసేపు చూసింది. ఎంత దూరం నుంచి చూసినా చూపు చూపే. తర్వాత ఢిల్లీ ఆఫీసరుతో ఏదో అంది. నా మొదటి వాంగ్మూలం చించెయ్యొద్దని, రెండూ పక్కపక్కన పెట్టి పంపమని అందట. మాసిక వేసిన ఆ మనిషిని ఇంటికి పంపించారా అని కూడా అడిగిందట. ఈ రోజే పంపుతామని ఆయన చెప్పాడు.

ఆ విధంగా నా వల్ల ఒక పెద్ద ముఠా పట్టుబడింది. లేదు. ఓడ కాగితాల వల్ల, ఫోన్ నంబర్ల వల్ల పోలీసులకు గోదాము సంగతి అప్పటికే సగం తెలుసట. తర్వాత కొన్ని నెలలకు ఇక్కడ కొందరినీ అక్కడ కొందరినీ ఒకే రోజు, ముందే మాట్లాడుకుని పట్టుకున్నారని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. నేను గుర్తుపట్టిన దారం సంగతి రిపోర్టులో ఉందా అని అడిగాను. "ఉండొచ్చు చాచా, ఒక లైను," అన్నాడు. నా అబద్ధం మాత్రం తప్పకుండా ఉంది. సముద్రం అవతల, చీటీ అంటించిన ఫైలులో, నా సంతకంతో.

సాయంత్రానికి ఆమెను వదిలారు. భర్త వచ్చి ఉన్నాడు. ముగ్గురం ఒకే బస్సెక్కాం, భద్రాచలానికి ఇక అదే ఉంది. వాళ్లు ముందు సీట్లో, నేను రెండు సీట్ల వెనక. దారిలో బిస్కెట్లు కొని ఇచ్చాను, తీసుకోలేదు. పాలవంచ దాటాక షేర్వాణీ విప్పి ఒళ్లో పెట్టుకున్నాను. బస్సు గోదావరి వంతెన మీదికి వచ్చినప్పుడు ఆమె వెనక్కి తిరిగింది.

"టీవీల చెప్పినవంట గదా, నేను కాదని."

"చెప్పిన."

"మా గూడెంల గూడ చెప్పాలె. పోలీసు జీపెక్కిచ్చుకుని పోంగ అందరు చూసిండ్రు. ఆ టీవీ మాకు లేదు."

మోకాళ్ల నొప్పి గురించి చెప్పాను. అడవిలో గంట నడక అంటే డాక్టరు ఒప్పుకోడన్నాను. ఆమె భర్త అప్పుడే మొదటిసారి నవ్వాడు. "మోస్త తియ్ సాబ్," అన్నాడు.

మోయించుకోలేదు. మర్నాడు నడిచాను. రెండుచోట్ల కూర్చున్నాను. నాలుగుచోట్ల.

ఇప్పచెట్ల కింద పదిహేను మంది దాకా కూర్చుని ఉన్నారు. పెద్దమనిషికి మంచం వేసి, నాకూ ఒకటి వేశారు. ఆమె నా పక్కన నిలబడింది. నేను తెలుగులో చెప్తే ఆమె వాళ్ల భాషలో చెప్పాలి. వాళ్లలో చాలామందికి తెలుగు వచ్చు. కానీ గూడెం విషయం గూడెం మాటలోనే జరగాలట.

నేను గొంతు సవరించుకున్నాను. "సముద్రాల అవతల నుంచి ఏడు దేశాల పోలీసులు…"

ఆమె నా వైపు చూసింది. నేను ఆగి, మళ్లీ మొదలుపెట్టాను.

ఈ మనిషి ఏ తప్పూ చేయలేదన్నాను. నా సంచికి మాసిక వేసింది, అంతే అన్నాను. ఆమె పేరు నేనే చెప్పానన్నాను. టీవీలో ఆ మేడంకు గొప్పకు చెప్పానని చెప్పాను, అది కూడా పూర్తి నిజం కాదన్నాను. ఫోటోలో నా చేపను చూసినప్పుడు నాకు భయమేసింది. నన్ను తీసుకుపోతారనుకున్నాను. గంజాయి కేసులో అనుమానితుడుగా ఉండటం కన్నా సంచుల పండితుడుగా ఉండటం మేలనిపించింది. పండితుడన్నాక ఎవరో ఒకరి పేరు చెప్పాలి కదా. కుట్టు గుర్తుపట్టడం తేలికైన పేరు చెప్పాను. అడవిలో ఉంటుంది, అడిగేవాళ్లు ఉండరు అని కూడా ఆ క్షణంలో అనుకున్నాను. ఇది మా ఇంటావిడకు కూడా చెప్పలేదు.

ఇంత పొడుగు చెప్పాను. ఆమె రెండు ముక్కల్లో చెప్పేసింది. అందరూ నవ్వారు.

"ఏం చెప్పినవ్?" అని అడిగాను.

"నువ్వు చెప్పిందే చెప్పిన. జెర తగ్గించిన."

పెద్దమనిషి పొగాకు నలుపుతూ ఏదో అడిగాడు. ఆమె నాకు చెప్పింది. "భయమైతే ఈడికి రావొద్దా అంటుండు. ఇంత అడవి ఉంది, నిన్ను ఒక్కణ్ణి దాచలేమా అంటుండు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

నేను లేవబోతుంటే ఆమె ఇంట్లోకి పోయి ఒక కట్ట తెచ్చి నా ముందు వేసింది. ఆమెను తీసుకుపోయిన రోజు కుడుతున్న సంచులు. పై దానికి సగం మాసిక పడి ఉంది, దబ్బణం అందులోనే గుచ్చి ఉంది.

"ఇవి నువ్వే కుట్టుకో," అంది. "కుట్టినంక తెచ్చి చూపియ్. బాగుంటె మళ్లొస్త."

కట్టను ఆమె భర్త చర్ల రోడ్డు దాకా మోసుకొచ్చి జీపు మీద వేశాడు. పెళ్లయిన కొత్తలో మా ఇంటావిడకు మా అమ్మ కుట్టు నేర్పుతుంటే నేను పక్కన కూర్చుని తప్పులు పట్టేవాణ్ణి. అంతే నా విద్య. దబ్బణం వేలికి గుచ్చుకుంటుంది, పురికొస చెమటకు జారుతుంది, ముక్క ఒక పక్క బిగిస్తే ఇంకో పక్క ముడుచుకుంటుంది. కొట్టులో ఐదుగురు ఆడవాళ్లూ పని ఆపి చూసేవారు.

వర్షాలు మొదలవకముందే కట్టలోని పాతిక సంచులూ నా చేత్తోనే కుట్టి గూడేనికి తీసుకుపోయాను. పద్నాలుగు. మిగతా పదకొండూ మా ఇంటావిడ కుట్టింది. గూడెంలో ఆమె ఒక్కొక్కటీ ఇటూ అటూ తిప్పి చూసి, రెండు కుప్పలుగా వేసింది. ఒక కుప్పలో పద్నాలుగు ఉన్నాయి.